శాలువాల పెట్టె

మా హార్మోనియం మాస్టారి ఇల్లు కాకినాడ జగన్నాథపురంలో. పేరు రాయను. రాస్తే ఆయన నొచ్చుకుంటాడు, ఆయనకు శాలువాలు కప్పినవాళ్ళు ఇంకా నొచ్చుకుంటారు. యాభై ఏళ్ళకు పైగా గోదావరి జిల్లాల పద్యనాటకాలకు హార్మోనియం వాయించిన మనిషి. రాయబారంలో కృష్ణుడు రాగం తీస్తూ తీస్తూ ఊపిరి చాలక తడబడితే, ఆ తడబాటు జనం చెవిన పడకుండా కప్పేసి మళ్ళీ శ్రుతిలో నిలబెట్టిన చెయ్యి అది.

మొన్న సంక్రాంతికి వెళ్ళాను. భోగికి ముందు ఇల్లు దులుపుతున్నారు. మంచం కిందనుంచి ట్రంకు పెట్టె లాగి మూత తీసింది కోడలు. కలరా ఉండల వాసన గుప్పుమంది. లోపలన్నీ శాలువాలే. ఎర్రవి, పచ్చవి, మెరూన్ రంగువి, జరీ అంచువి. కొన్నింటికి ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. ఎన్నున్నాయమ్మా అంటే అక్కడే కూర్చుని లెక్కపెట్టింది. నలభై మూడు.

"ఏం చేసుకోమంటారు బాబూ," అన్నాడు మాస్టారు. "కట్టుకోడానికి కావు, పరుచుకోడానికి కావు. మన ఊరి ఉక్కకి కప్పుకోడానికి అసలే కావు. ఎవరికైనా ఇచ్చేద్దామంటే మా వాళ్ళందరి ఇళ్ళలోనూ ఇవే."

జనవరిలో కూడా ఫ్యాను ఆపలేని కాకినాడలో, ఉప్పుగాలికి ఒళ్ళు జిడ్డోడే ఊళ్ళో, డెబ్బై దాటిన మనిషికి నలభై మూడు శాలువాలు. కళాపోషణ అనే మాటకు మనం ఇచ్చుకున్న అర్థం ఆ పెట్టెలో మడతపెట్టి ఉంది.

ఆ శాలువాలు ఎలా వచ్చాయో చెబుతాను. ప్రతి శాలువా వెనకా ఒక ట్రస్టో, ఫౌండేషనో ఉంది. ప్రతి ట్రస్టు వెనకా ఒక వర్ధంతో, జయంతో, షష్టిపూర్తో ఉంది. హాలు అద్దె, మైకు, లైట్లు, ఎల్‌ఈడీ తెర, భానుగుడి సెంటర్లో ఫ్లెక్సీ, ముఖ్య అతిథికి కారు, ఆయన వెంట వచ్చిన వాళ్ళకు భోజనాలు, బొకేలు, ఫొటోలు, వీడియో. అన్నీ అయ్యాక చివర్లో మాస్టారి చేతికి ఒక కవరు. కవర్లో వెయ్యిన్నూటపదహార్లు. సౌండు కుర్రాడు అంతకు ఎన్నో రెట్లు పట్టుకెళ్ళాడు, అదీ ముందే. మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో ఫొటో. అందులో దాత నవ్వుతూ ఉంటాడు, ముఖ్య అతిథి కెమెరా వైపు చూస్తూ ఉంటాడు, మాస్టారి మొహానికి శాలువా అంచు అడ్డం వచ్చి ఉంటుంది.

నేను కటువుగానే అంటున్నాను. ఈ ట్రస్టులు కళకు దానం చెయ్యడం లేదు. తమ ఫొటోకు ఖర్చు పెట్టుకుంటున్నాయి. పెట్టుకోనివ్వండి, వాళ్ళ డబ్బు వాళ్ళిష్టం. కాని ఆ ఖర్చును కళాపోషణ పద్దులో రాసి, దాతలు 80జీ రసీదు చూపించి పన్ను రాయితీ తీసుకుంటున్నప్పుడు అది మన డబ్బు కూడా అవుతుంది. అప్పుడు నాకు అడిగే హక్కు వస్తుంది.

మన పెద్దలకు ఒక మాట ఉండేది, మాన్యం. గుడిలో దీపం వెలగాలంటే పూజారికి రోజూ చమురు డబ్బులు ఇచ్చేవారు కాదు, భూమి రాసేవారు. మేళగాడికి మాన్యం, డోలు వాయించేవాడికి మాన్యం, గుడి ముందు ఆడే కళావంతులకు మాన్యం. పంట పండినంతకాలం పాట ఉంటుంది. గోదావరి డెల్టాలో పుట్టినవాడికి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. ఒక పూట భోజనం పెట్టడానికీ, ఎకరం చేను రాసివ్వడానికీ ఉన్న తేడా ఇక్కడ బడిపిల్లాడికి కూడా తెలుసు. తెలియనిది ట్రస్టీలకే.

ఆ మాన్యాల కథలో మన ఊరికి ఒక పాత అప్పు ఉంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇక్కడి పిఠాపురం రాజా కళాశాల ప్రిన్సిపాలుగా ఉన్న రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు భోగం మేళాల మీద ఉద్యమం నడిపారు. ఆడపిల్లను దేవుడి పేరుతో అంకితం చేసి ఊరి పెద్దల పాలు చెయ్యడం దుర్మార్గం, దాన్ని ఎదిరించినందుకు ఆయనకు చేతులెత్తి మొక్కాల్సిందే. ఆ ఉద్యమం గెలిచింది. 1947లో మద్రాసు రాష్ట్రం అంకితాలను నిషేధించింది. 1956లో ఆంధ్ర ఇంకో అడుగు ముందుకేసి, పెళ్ళిళ్ళలో శుభకార్యాల్లో ఆ కుటుంబాల ఆడవాళ్ళు ఆడకూడదని చట్టం సవరించింది. అదే ఏడాది ఇనాముల, అంటే మాన్యాల, రద్దు చట్టం కూడా వచ్చింది.

అన్యాయం పోయింది, మంచిదే. మరి కూడు? క్షేత్రయ్య పదాలకు అభినయం పట్టగలిగిన ఆడవాళ్ళు ఒక్క తరంలో గజ్జెలు విప్పి పెట్టెలో పెట్టుకుని, కూతుళ్ళకు ఆ మాట కూడా చెప్పకుండా బతికారు. వాళ్ళకు నెలకింత అని ఒక నిధి పెట్టిన సంస్కర్త గాని, ఒక నృత్యశాల తెరిచి మీరే గురువులు రండి అన్న దాత గాని నా ఎరుకలో లేడు. తర్వాత ఎప్పుడో నటరాజ రామకృష్ణగారు ఊరూరూ తిరిగి ఆ ముసలి కళాకారిణులను వెతికి పట్టుకుని, మిగిలినంత నేర్చుకుని, ఆంధ్రనాట్యం అని పేరు పెట్టి నిలబెట్టారు. ఆయన వెతికేనాటికి ఎంత పోయిందో లెక్క కట్టేవాడు లేడు. తెలుగునేల మీద దాతృత్వం చేసిన పెద్ద తప్పు ఇదేనని నా అభిప్రాయం. కొట్టేయడానికి చట్టం దొరికింది, నిలబెట్టడానికి చెక్కు దొరకలేదు.

ఇంత మాట అంటున్నానని కాకినాడకు దాతలు లేరనుకునేరు. ఈ ఊరు దాతల ఊరు. కోరంగి ప్రాంతం నుంచి రంగూన్ వెళ్ళి, కష్టపడి, వర్తకంలో అపారంగా సంపాదించిన మల్లాడి సత్యలింగ నాయకర్ ఆస్తి మొత్తం ధర్మానికి రాసిపోయాడు. జగన్నాథపురంలో ఆయన పేరు మీద బళ్ళు, కళాశాల ఇవాళ్టికీ నడుస్తున్నాయి. నూరేళ్ళు దాటింది ఆయన పోయి. ఎందుకు నడుస్తున్నాయి? ఆయన సన్మాన సభ పెట్టలేదు కనుక. భూములు రాశాడు కనుక. పిఠాపురం మహారాజా సూర్యారావు బహద్దూర్ కళాశాలను పోషించాడు, అనాథ పిల్లలకు ఆశ్రమం పెట్టాడు, సూర్యరాయాంధ్ర నిఘంటువుకు డబ్బు పెట్టాడు. వీణ తుమరాడ సంగమేశ్వరశాస్త్రిగారు ఆ ఆస్థానంలో విద్వాంసుడు. ఆస్థానం అంటే ఏమిటి? రేపు బియ్యం ఎక్కడినుంచి వస్తాయన్న బెంగ లేకుండా ఇవాళ పొద్దున్నే వీణ ముందు కూర్చోగలగడం. అంతకన్నా మరేం లేదు. విజయనగరంలో గజపతులు 1919లో సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసుగారిని తొలి ప్రిన్సిపాలుగా కూర్చోబెట్టారు. అంతటి హరికథా పితామహుడికీ చివరికి పనికొచ్చింది ఒక ఉద్యోగమే.

జమీందార్లు మళ్ళీ రావాలని నేను ఏడవడం లేదు. వాళ్ళ పోషణలో పొగడ్త ఉంది, వంగిన నడుము ఉంది, కొన్ని చోట్ల అంతకన్నా నీచమైనవీ ఉన్నాయి. కాని ఒక్క విద్య వాళ్ళకు తెలుసు. కళాకారుడికి ఇవ్వాల్సింది కాలం అని తెలుసు. ఇవాళ్టి ఫౌండేషన్ల ఆఫీసుల్లో ఆ ఒక్క ముక్కా లేదు.

జమీందార్లు ఇవ్వని చోట మధ్యతరగతి ఇచ్చింది. 1904లో మొదలైన శ్రీ సరస్వతీ గానసభ ఇవాళ్టికీ మన ఊళ్ళో దసరాకి కచేరీలు పెడుతోంది. దక్షిణాదిలో చాలా సభల కన్నా వయసులో పెద్దది. ప్లీడర్లు, వర్తకులు, గుమాస్తాలు చందాలు వేసుకుని నడిపిన సభ. యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బు సంగతి మరీ విచిత్రం. పేరు చూస్తే పేకాట క్లబ్బులా ఉంటుంది. అక్కడ నాటకాలాడినవాళ్ళ పేర్లు చూడండి. ఎస్వీ రంగారావు, రేలంగి, అంజలీదేవి, ఆదినారాయణరావు. తెలుగు సినిమాకు ఘటోత్కచుణ్ణీ, నవ్వునూ, సీతమ్మనూ, సువర్ణసుందరి పాటలనూ ఇచ్చిన నారుమడి మన ఊరి నాటక సమాజం. ఆ నారు పీక్కెళ్ళి మద్రాసులో నాటుకుని సినిమా పంట తీసింది, కోట్లు గడించింది. నారుమడికి ఎరువు వేసిందా? నూరేళ్ళ సినిమాలో ఒక్క నిర్మాణ సంస్థయినా, ఒక్క హీరోగారి ఫౌండేషనైనా కాకినాడలో ఒక నాటక బృందాన్ని నెలజీతాల మీద నిలబెట్టిన దాఖలా నా ఎరుకలో లేదు. రక్తదాన శిబిరాలు పెడతారు, కళ్ళద్దాలు పంచుతారు. మంచిదే. పుట్టింటికి మాత్రం పసుపు కుంకుమ కూడా పంపరు.

నాటకం తన ఖర్చు తానే రాబట్టుకోలేదా అని అడిగే తెలివైనవాళ్ళు ఉన్నారు. టికెట్టు పెట్టండి, బాగుంటే జనం వస్తారు అంటారు. ఈ తెలివికి జవాబు 1966లోనే బామోల్, బోవెన్ అనే ఇద్దరు అమెరికా ఆర్థికవేత్తలు పుస్తకం రాసి చెప్పారు. మగ్గం మీద రోజుకు ఒక చీర నేసే చోట మిల్లు వంద నేస్తుంది, అందుకని చీర ధర తగ్గుతుంది, నేతగాడి కూలీ పెరిగినా ఎవడూ దివాలా తీయడు. కాని నలుగురు వాయించాల్సిన సంగీతాన్ని ఇద్దరితో సగం సేపట్లో ముగించలేం. మన భాషలో చెప్పుకుంటే, రాయబారానికి నూరేళ్ళ కిందట ఎంతమంది కావాలో ఇవాళా అంతమందే కావాలి. కృష్ణుడు, అర్జునుడు, దుర్యోధనుడు ముగ్గురి వేషాలూ ఒకడే కట్టి గంటలో ముగిస్తే ఉత్పాదకత పెరుగుతుంది కాబోలు, నాటకం మాత్రం మిగలదు. చుట్టూ అన్నిటి ధరా, కూలీ పెరుగుతుంటే నాటకం లోటు ఏటేటా పెరగాల్సిందే. ఆ లోటు కళాకారుడి చేతకానితనం కాదు, ఆ పని స్వభావమే అంత.

తమాషా ఏమిటంటే అదే 1966లో అమెరికాలో ఫోర్డ్ ఫౌండేషన్ 61 సింఫనీ వాద్యబృందాలకు కలిపి 8 కోట్ల డాలర్లు ఇచ్చింది. అందులో పెద్ద భాగం ఆ ఏడాది కచేరీల ఖర్చుకు కాదు, మూలధనానికి. అసలు కదపకూడదు, దాని మీద వచ్చేది తిని వాయించండి అన్నారు. పచ్చి పెట్టుబడిదారీ దేశం, మోటారు కార్ల డబ్బు. వాళ్ళు ఏం చేశారో చూశారా? మాన్యం రాశారు! మన మాట వాళ్ళకు తెలిసింది, మనం మరిచిపోయాం. ఆ ఫోర్డ్ డబ్బు కొంత 1980లలో కర్ణాటకలో హెగ్గోడు అనే పల్లెకు కూడా చేరింది. కె.వి. సుబ్బణ్ణ 1949లో పెట్టిన నీనాసం అక్కడే ఉంది. వాళ్ళ తిరుగాట బృందం 1985 నుంచి ఏటా కొత్త నాటకాలతో కర్ణాటకమంతా తిరుగుతోంది. వక్కతోటల మధ్య ఉన్న పల్లె అది. మనకు ఓడరేవు ఉంది, ఎరువుల కర్మాగారాలు ఉన్నాయి, సముద్రంలో గ్యాసు ఉంది. తిరుగాట లేదు.

గ్యాసు కంపెనీల మాట వచ్చింది కనుక చట్టం దగ్గరికి వెళ్దాం. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు తమ మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. దేని మీద పెట్టొచ్చో ఏడో షెడ్యూలులో ఉంది. అయిదో అంశం కళలు, సంస్కృతి, సంప్రదాయ కళల అభివృద్ధి. అంటే చట్టం తలుపు తీసే ఉంది. గడప దగ్గర కాపలావాడే అసలు గండం. కంపెనీ డబ్బు పుచ్చుకోవాలంటే మీరు రిజిస్టరైన ట్రస్టో, సొసైటీయో, లాభాపేక్ష లేని కంపెనీయో అయి ఉండాలి. పన్నుల శాఖ దగ్గర 12ఏ రిజిస్ట్రేషను ఉండాలి, 80జీ గుర్తింపు ఉండాలి. మూడేళ్ళ పని అనుభవం కాగితాల్లో ఉండాలి. 2021 ఏప్రిల్ నుంచి సీఎస్‌ఆర్-1 అనే ఫారం కూడా నింపాలి, దాని మీద చార్టర్డ్ అకౌంటెంటో, ఆయన లాంటి మరొకరో ధ్రువీకరించాలి.

ఇది ఎవరికి చెబుతున్నాం? తీర్థంలో అమ్మవారి గరగ నెత్తిన పెట్టుకుని, డప్పు దరువుకు తెల్లవార్లూ ఆడే మనిషికి. ఆయన అనుభవం మూడేళ్ళు కాదు, ముత్తాత నుంచీ ఉంది. కాగితం మీద లేదు.

ఒక గరగ బృందానికి నేనే దరఖాస్తు నింపాను. ఏ ఫౌండేషనుకో చెప్పను. హైదరాబాదు నుంచి ఇంగ్లీషులో పద్నాలుగు పేజీల ఫారం వచ్చింది. ఈ కార్యక్రమం వల్ల లబ్ధిదారులు ఎంతమంది అని ఒక గడి. తీర్థానికి వచ్చిన ఊరంతా లబ్ధిదారులే, అమ్మవారిని కలిపి వెయ్యాలా విడిగా వెయ్యాలా అని అడిగాడు బృందం పెద్ద. కొలవదగిన ఫలితాలు ఏమిటి అని మరో గడి. "మొన్న మా పెద్దోడు గరగ దించకుండా మూడు వీధులు తిరిగాడండి, అది రాయండి" అన్నాడు. రాశాను. గడువు తేదీలోగా పంపాను. నాలుగు నెలలకు జవాబు వచ్చింది. మీ ప్రతిపాదనలో నవ్యత కొరవడింది, డిజిటల్ అంశం చేర్చి వచ్చే ఏడాది మళ్ళీ పంపగలరు. గరగకు డిజిటల్ అంశం! ఆ ఉత్తరం చదివి వినిపిస్తే అందరం పడీ పడీ నవ్వాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ ఫారం నింపడానికి ఆ కుటుంబం రెండు కూలి రోజులు పోగొట్టుకుంది. అది ఎవరి పద్దులో రాయాలి?

విదేశీ విరాళం ఇంకో వింత. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు దేశంలో ఎక్కడివాడైనా ఢిల్లీలో స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోనే పుచ్చుకోవాలి. ఒక సంస్థ పుచ్చుకుని కింద చిన్న సంస్థకు ఇవ్వడానికీ వీల్లేదు. పైన చెరువు నిండినా పిల్లకాలవకు లాకు ఎత్తకూడదన్నమాట. కాటన్ దొర కాలువలు తవ్విన నేల మీద ఉన్నవాళ్ళం, లాకు ఎత్తకపోతే శివారు చేను ఏమవుతుందో మనకు ఒకరు చెప్పాలా?

డబ్బు వచ్చిన చోట కూడా అది ఏం కోరుకుంటుందో గమనించండి. చేతికి అందే వస్తువును కోరుకుంటుంది. సామర్లకోట పక్క మాధవపట్నం తోలుబొమ్మలాట ఊరు. ఆ ఊరి బొమ్మలు రాత్రంతా రామాయణం ఆడేవి. మధ్యలో జుట్టుపోలిగాడూ, బంగారక్కా, కేతిగాడూ వచ్చి బూతులు తిట్టుకుని జనాన్ని లేపేవారు. ఇవాళ తోలుబొమ్మ అనగానే సంస్థలు రెండు రోజుల వర్క్‌షాపు పెడతాయి, ఎగ్జిబిషన్ స్టాలు ఇస్తాయి, దీపం తొడుగు చేసి అమ్ముకోమంటాయి. దీపం ముందు నిలబడి తెర మీద రావణుడయ్యే బొమ్మ ఎవరి డ్రాయింగురూములోనో దీపానికే గుడ్డ చుట్టినట్టు చుట్టుకుని కూర్చుంది. తొడుగు అమ్మి నాలుగు మెతుకులు తింటున్న కుటుంబాన్ని నేను తప్పు పట్టను. రాత్రంతా ఆడే ఆటకు డబ్బు ఇవ్వకుండా, అమ్ముకునే సరుకుకే డబ్బు ఇచ్చినవాణ్ణి తప్పు పడతాను. బొమ్మ మిగిలింది, ఆట పోయింది. నివేదికలో మాత్రం కళను పరిరక్షించామని ఉంటుంది, ఫొటోతో సహా.

సర్కారు చూసుకోవాలి కదా అంటారు. చూసుకుంది! 1957లో పెట్టిన రాష్ట్ర సంగీత నాటక అకాడమీని 1983లో మిగతా అకాడమీలతో పాటు రద్దు చేసింది. రద్దు చేసిన ముఖ్యమంత్రి రంగస్థలం మీద నుంచి వచ్చిన మహానటుడే. 2022లో కాళ్ళకూరి నారాయణరావుగారి చింతామణి నాటకాన్ని నిషేధించింది. నూరేళ్ళ నాటకం, ఎన్ని కుటుంబాల పొయ్యి వెలిగించిందో లెక్కలేదు. ఒక పాత్ర వల్ల ఒక కులం మనసు నొచ్చుకుందంటే ఆ పాత్రను ఎలా ఆడాలో కూర్చుని మాట్లాడొచ్చు. పొయ్యినే ఆర్పేశారు. ఇచ్చే దగ్గర కళాకారుల పింఛను నెలకు 4,000. ఢిల్లీ వాళ్ళు వృద్ధ కళాకారులకు ఇచ్చేది నెలకు 6,000 దాకా, అది దక్కించుకోవడం మరో నాటకం. ఆ మాత్రమైనా వేళకు పడితే కళ్ళకద్దుకునేవాళ్ళు ఉన్నారు, అందుకని దాన్ని తీసిపారేయను.

ఇక పెద్దమనుషులు గొంతు తగ్గించి చెప్పే మాట ఒకటుంది. "చేతికిస్తే తాగేస్తారండీ, అందుకే వస్తురూపంలో ఇస్తాం." తాగేవాళ్ళు ఉన్నారు. ముఠాలు కట్టేవాళ్ళు ఉన్నారు, పరిషత్తుల్లో బహుమతులు పంచుకునేవాళ్ళు ఉన్నారు, లేని బృందానికి లెటర్‌హెడ్ కొట్టించి గ్రాంటు మింగినవాళ్ళూ ఉన్నారు. మరి కంపెనీలు పెట్టినవాళ్ళలో అప్పులు ఎగ్గొట్టినవాళ్ళు లేరా? వాళ్ళ మూలంగా కంపెనీలన్నిటికీ అప్పు బదులు శాలువా కప్పుతున్నాయా బ్యాంకులు? లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు వేళ కాని వేళ వచ్చినవాడికి కూడా వండి పెట్టింది. ఆకలి ధ్రువపత్రం తెమ్మని ఎవరినీ అడిగినట్టు వినలేదు. మహాతల్లి అని ఆమె ఫొటోకు దండ వేసే ట్రస్టులే కళాకారుణ్ణి పద్నాలుగు పేజీలు నింపమంటాయి. అమెరికాలో మెకెంజీ స్కాట్ అనే ఆవిడ 2021 జూన్‌లో 286 సంస్థలకు సుమారు 270 కోట్ల డాలర్లు ఇచ్చింది. కళాసంస్థలూ అందులో ఉన్నాయి. ఎలా ఖర్చు పెట్టుకోవాలో మీకే తెలుసు, మీ ఇష్టం అంది. సీతమ్మగారి వంటింటి సూత్రమే అది, కాకపోతే డాలర్లలో.

ఇక్కడ జరగదు, మనవాళ్ళ వల్ల కాదు అని ఎవరైనా అంటే వాళ్ళ చెయ్యి పట్టుకుని కపిలేశ్వరపురం తీసుకెళ్తాను. గోదావరి గట్టు పక్క ఊరు. 1973లో అక్కడి జమీందారీ వంశానికి చెందిన ఎస్.బి.పి.బి.కె. సత్యనారాయణరావుగారు సర్వారాయ ధార్మిక విద్యాసంస్థ తరఫున హరికథా పాఠశాల తెరిచారు. హరికథ అప్పటికే మూలనపడుతోంది. సినిమా వచ్చాక పందిట్లో భాగవతారు ఎవడికి కావాలి? అలాంటి రోజుల్లో పిల్లలకు ఉచితంగా తిండి, వసతి, చదువు పెట్టి సంగీతం, నృత్యం, సంస్కృతం, కథ నేర్పడం మొదలెట్టారు. చాలామంది ఆడపిల్లలు. పేదింటి పిల్లలు. కాళ్ళకు గజ్జె కట్టి, చేత చిడతలు పట్టి, నడుముకు దట్టీ బిగించి, ఒక్కత్తీ మూడు గంటలు జనాన్ని కూర్చోబెట్టగల విద్య అది. రుక్మిణీ తానే, కృష్ణుడూ తానే, మధ్యలో పిట్టకథ చెప్పి నవ్వించేదీ తానే. సంస్కృతంలో హరికథ చెప్పి 2024లో పద్మశ్రీ అందుకున్న ఉమామహేశ్వరిగారు ఆ పాఠశాలలో నేర్చుకున్నవారే.

ఆ ట్రస్టు ఏం చేసింది? రోజూ పొద్దున్న సాధన చేసుకోడానికి చోటు ఇచ్చింది, మధ్యాహ్నం అన్నం పెట్టింది, మర్నాడు కూడా పెట్టింది. అంతే. అయిదేళ్ళ ప్రాజెక్టు అనలేదు, ఫలితం ఏదీ అని ఆర్నెల్లకు అడగలేదు. అడిగి ఉంటే ఏం చూపించేవారు? హరికథ చెప్పే గొంతు ఆర్నెల్లలో పండదు. నేను ట్రస్టుల మీద ఇంత నిప్పులు పోస్తున్నది అన్నీ చెడ్డవని కాదు. పాతిక మైళ్ళ దూరంలో సరైన దారి కనపడుతుండగా కళ్ళు మూసుకుని శాలువా దుకాణంలోకి దూరుతున్నారని.

సముద్రాలు దాటిన మన తెలుగు సంఘాలకు కూడా ఒక ముక్క. మహాసభలకు సినిమా తారలను రప్పించడానికి పెట్టే ఖర్చులో ఎన్నో వంతు వద్దు, ఒక విమానం టికెట్టు ఖరీదు చాలు, ఇక్కడ ఒక మృదంగం కుర్రాడి ఏడాది ఫీజు. మూడు రోజులు జానపద కళాకారుణ్ణి వేదికెక్కించి, అమెరికా చూపించి, ఫొటోలు తీసి పంపేస్తే ఆయన తిరిగొచ్చేది పాత అప్పుల్లోకే.

మనం మాత్రం తక్కువ తిన్నామా? 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభలప్పుడు ఖద్దరు ప్రదర్శన గుమ్మంలో వాలంటీరుగా నిలబడ్డ పద్నాలుగేళ్ళ దుర్గాబాయి, టికెట్టు లేదని నెహ్రూగారిని ఆపేసింది. టికెట్టు కొన్నాకే లోపలికి పంపింది. ఆ కథ మన ఊళ్ళో ప్రతివాడూ మీసం మెలేసి చెబుతాడు. అదే నోటితో నాటకానికి "పాసులున్నాయా గురూ" అని అడుగుతాడు. సినిమాకు కుటుంబంతో వెళ్ళి పాప్‌కార్న్‌తో సహా చెల్లించుకుని వచ్చిన మనిషే సూర్యకళామందిరంలో కచేరీకి మొదటి వరసలో ఉచిత కుర్చీ కోసం అలుగుతాడు. దాతను తిట్టే ముందు ఆ అలిగినవాడిలో నన్నూ చేర్చుకుంటున్నాను. అంతకన్నా పెద్ద సిగ్గు ఇంకోటి ఉంది. మాస్టారి పెట్టెలో ఉన్న నలభై మూడింటిలో ఒక మెరూన్ రంగు శాలువా నా చేతులతో కప్పింది. ఆ సభకు వ్యాఖ్యాతను నేనే. "కళామతల్లి ముద్దుబిడ్డ" అన్నాను మైకులో. చప్పట్లు కొట్టారు.

అందుకని ట్రస్టీలకు నా మాట ఇది. ఏడాదికి పది సభలు పెడుతున్నారా, ఎనిమిది మానెయ్యండి. ఆ డబ్బు బ్యాంకులో వేసి వడ్డీ మీద ఒక్క మనిషిని, ఒకే ఒక్క మనిషిని, పదేళ్ళు పోషించండి. ఒక హార్మోనిస్టుకు నెల జీతం, ఆయన దగ్గర నేర్చుకునే ఇద్దరు పిల్లలకు బస్సు ఖర్చులు, టిఫిను. ఫారం తెలుగులో పెట్టండి, ఒక పేజీ చాలు. అదీ వద్దు, మనిషిని పంపి ఆట చూసి రమ్మనండి, చూసినవాడు చెప్పిందే నివేదిక. కంపెనీలవాళ్ళు తమ అకౌంటెంటును వారం రోజులు జిల్లాలోని బృందాలకు అప్పు ఇవ్వండి, ఆ 12ఏలూ 80జీలూ ఆయనే చూసుకుంటాడు. నాలుగైదు బృందాలు కలిసి ఒకే సొసైటీగా రిజిస్టరు చేసుకోండని కళాకారులకు కూడా చెబుతున్నాను. ముఠాలు కట్టడానికి తెలిసినప్పుడు ఇది తెలియదా? మీ పేరు కావాలంటే పేరు పెట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు. సత్యలింగ నాయకర్ పేరు నూరేళ్ళుగా పిల్లల నోట్లో నలుగుతోంది. మీ ఫ్లెక్సీ మొదటి గాలివానకే చిరుగుతుంది.

మాస్టారి కాళ్ళ హార్మోనియంలో ఏడు రీడ్లు పలకడం లేదు. ఉప్పుగాలికి తుప్పు పట్టాయి, తిత్తి కూడా గాలి వదిలేస్తోంది. బాగుచెయ్యడానికి రాజమండ్రి నుంచి వచ్చినతను తొమ్మిది వేలు అడిగాడు. వచ్చే నెల మళ్ళీ ఎవరో ఆయనకు సన్మానం పెట్టారట. ఆహ్వానపత్రం నాకూ అందింది, ఆర్టు పేపరు మీద, నాలుగు రంగుల్లో.